నీలం కుర్చీ

పాత కుర్చీ ఎక్కడ కనబడినా నేను తిరగేసి చూస్తాను. పెళ్లివారింట్లోనైనా, డాక్టరు గారి వరండాలోనైనా, కూర్చునే ముందు ఒకసారి వంగి దాని అడుగున ఏముందో చూడందే నాకు తోచదు. మా వారు ఉన్న రోజుల్లో "నల్లుల కోసం చూస్తోంది లెండి" అని నలుగురిలో సర్దిచెప్పేవారు. నేనూ అదే నిజమన్నట్టు ఊరుకునేదాన్ని. అసలు సంగతి చెప్పాలంటే ఒక పూట పడుతుంది, అంత ఓపికగా వినేవాళ్లు ఇంట్లో ఎవరున్నారు గనక!

మొన్నామధ్య ఆ పూట దొరికింది. నా కూతురి కూతురు కొత్తగా ఉద్యోగంలో చేరి మా టాటానగర్‌లోనే సాక్చి వైపు చిన్న ఫ్లాటు అద్దెకు తీసుకుంది. గోడలు బోసిగా ఉన్నాయట, గది మూల ఖాళీగా ఉందట, అందమైన పాత సామాను ఏదైనా కొనాలట. కొత్తొక వింత, పాతొక రోత అని మేం విన్నాం. ఈ పిల్లల దగ్గరికి వచ్చేసరికి సామెత తలకిందులైంది. ఎవరో వాడి పారేసినవి ఇంట్లోకి తేవద్దని వాళ్లమ్మ ఫోనులో మొత్తుకుంటూనే ఉంది. ఇది "హా మమ్మీ, హా మమ్మీ" అంటూనే నన్ను ఆటో ఎక్కించింది.

జుగ్సలాయిలో ఒక పాత ధాన్యం గోదాము ముందు ఆటో ఆగింది. లోపల పసుపుపచ్చ దీపాలు, సన్నగా పాట, ఎక్కడో అగరుబత్తి. దాన్ని థ్రిఫ్ట్ స్టోర్ అంటారని మనవరాలు చెప్పింది. చుట్టూ చూస్తే నా చిన్నప్పటి వంటింటిని ఎవరో తోమి, తుడిచి, అరల్లో సర్దినట్టుంది. సొట్టపడిన ఇత్తడి చెంబులు, అంచు పెచ్చులూడిన సత్తు పళ్లేలు, చిమ్నీలో కరెంటు బల్బు పెట్టిన కిరసనాయిలు దీపం. పాత రేడియో పెట్టెలో మనీప్లాంటు పెంచుతున్నారు. మా అమ్మ చూస్తే నోటి మీద వేలేసుకునేది.

నేను తిన్నగా కుర్చీల దగ్గరికి వెళ్లాను. ఒకటి తిరగేశాను, రెండోది తిరగేశాను. కొట్టువాడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మనవరాలు మాత్రం ఊరుకోలేదు. నేను తెలుగులో మాట్లాడితే అది హిందీలోనే బదులిస్తుంది, అయినా మాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. ప్రతి కుర్చీనీ ఇలా ఎందుకు తిరగేస్తావు అమ్మమ్మా, నల్లుల కథ నాకు చెప్పకు అంది. సరే, విను అని అక్కడే ఒక ముక్కాలి పీట మీద కూలబడ్డాను.

నాకు ఏడో ఎనిమిదో ఏడు. టాటానగర్ స్టేషన్‌కి అవతల, పర్సుడీహ్ వెళ్లే దారిలో మా రైల్వే క్వార్టరు. రెండు గదులు, వెనక చిన్న పెరడు. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. మా వరసలో సగం ఇళ్లు శ్రీకాకుళం, విజయనగరం వైపువాళ్లవే. తెల్లారేసరికి అన్ని పెరళ్లలోనూ బొగ్గు పొయ్యిలు రాజేసేవారు, ఆ పొగ మొత్తం ఒకే మబ్బులా మా వీధి మీద నిలబడేది. పొగ తగ్గాక వాసనలు విడివిడిగా తెలిసేవి. మా ఇంట్లో చోడి అంబలి, అదే రాగంబలి, ఎదురింట్లో కాల్చిన ఎండు నెత్తళ్లు, పక్క క్వార్టరులో మేం మాషీమా అని పిలిచే బెంగాలీ పిన్నిగారి ఆవనూనె. కళ్లు మూసుకుని నడిచినా ఎవరి గుమ్మం ముందున్నానో చెప్పగలిగేదాన్ని.

ఆ ఏడు దీపావళి వెళ్లాక మా మామ్మ వచ్చింది, నాన్నని కన్నతల్లి. తాత పోయి కొన్ని నెలలైంది. ఊళ్లో వాళ్లిల్లు అప్పటికే తాత తమ్ముడి పశువులశాల అయిపోయింది. ఇంక నాతోనే ఉండాలని నాన్న వెళ్లి తీసుకొచ్చాడు. ఒక రేకు పెట్టె, ఒక చాప, తాత తువ్వాలు తెచ్చుకుంది మామ్మ. రైలు దిగిన రోజునే అమ్మ మంచం వాల్చి కూర్చోమంటే, "ఇదెక్కడిదే కోడలా?" అని అడిగింది.

అమ్మకి అబద్ధం రాదు. ఎవరో బదిలీ అయి వెళ్తూ అమ్మితే కొన్నామని చెప్పేసింది. అంతే, మామ్మ తన చాప తీసి గుమ్మం పక్కన పరుచుకుంది. మా ఇంట్లో ఉన్న బల్లా, పెట్టే, అద్దం అన్నీ అలాంటివేనని తెలిశాక ఆ చాప దిగి ఎక్కడా కూర్చోలేదు. పడుకోవడమూ దాని మీదే.

ఆమెకి చాదస్తం అనుకుంటే పొరపాటే. తాత ఒకసారి సంతలో ఎవరిదో పాత నులక మంచం చవగ్గా వస్తోందని కొన్నాడట. ఆ ఏడే జ్వరం తగిలి, ఆ మంచం మీదే పోయాడు. మంచం ఎవరిదో, దాని మీద ఎవరు పోయారో తెలుసుకోకుండా ఇంట్లోకి తెచ్చినందుకే ఇలా జరిగిందని మామ్మ మనసులో గట్టిగా నాటుకుపోయింది. ఎంత చెప్పినా వినలేదు. విననివాళ్లని మనం తిట్టుకుంటాం గాని, వాళ్ల లోపల ఏం పోయిందో మనకేం తెలుస్తుంది.

ఇంతలో చలికాలం వచ్చిపడింది. సముద్రం పక్క ఊరు ఆమెది. సిమెంటు నేల కాళ్లని కొరకడం ఎప్పుడూ ఎరగదు. మోకాళ్లు బూరెల్లా వాచిపోయాయి. లేవాలంటే గోడ పట్టుకుని, మధ్యలో ఆగి, నా భుజం మీద చెయ్యేసి లేచేది. రైల్వే ఆసుపత్రిలో డాక్టరు నేల మీద అసలు కూర్చోనివ్వద్దన్నాడు. ఇంటికొచ్చి మళ్లీ చాప మీదే కూర్చుంది. నాన్న బతిమాలాడు, అమ్మ అలిగింది, నేను ఏడ్చాను. చివరికి ఒకరోజు మామ్మ రేకు పెట్టె ముందుకు లాక్కుని తాత తువ్వాలు మడత పెట్టసాగింది.

"నాను ఊరెల్లిపోతాను నాయినా," అంది నాన్నతో. "ఇక్కడ నాకు కూకుందికి సోటు నేదు."

ఊళ్లో ఎవరున్నారని వెళ్తుంది? పశువులశాలలో ఏ మూల పడుకుంటుంది? నాన్న బయటికి వెళ్లిపోయాడు. అంత పెద్దమనిషి పెరట్లో నిలబడి కళ్లు తుడుచుకోవడం నేను వంటింటి కిటికీలోంచి చూశాను. సంక్రాంతి వెళ్లేదాకా ఆగమని అమ్మ ఎలాగో ఒప్పించింది. అంటే మాకు ఉన్న గడువు అదే.

కొత్త కుర్చీ కొనే తాహతు మాకు లేదు. పోనీ నలుగురం కూర్చునే బెంచీ ఏదైనా చేయిద్దామా అంటే మంచి చెక్క దొరికే దారి లేదు. అలాంటి రోజుల్లో నాన్న ఒక సాయంత్రం హుషారుగా వచ్చాడు. పెద్ద బంగళాల్లో ఒక దొరగారికి బదిలీ అయిందట, ఆయన సామాను అమ్మకానికి పెడుతున్నారట. మంచి కుర్చీ కళ్లెదుట ఉంటే మామ్మ మెత్తబడుతుందని నాన్న ఆశ. మా నాన్న ఆ ఊరొచ్చి ఇరవై ఏళ్లు దాటింది, నోట్లో తెలుగెంతో హిందీ అంత. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అమ్మతో అనేశాడు.

"నీలాం కుర్చీ ఒకటుందట. సెయ్యులున్న కుర్చీ, గట్టిది. ఆదోరం తెత్తాను."

హిందీలో నీలాం అంటే వేలంపాట. మా వీధిలో పుట్టిన పిల్లలకి కూడా తెలిసిన మాటే అది. కాని మామ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. చాప మీంచి తలెత్తి చూసింది.

"నీలం కుర్చీయేటి?" అంది. "నీలం రంగుదా?"

ఆ గొంతు నాకిప్పటికీ గుర్తుంది. అన్ని వారాల్లో ఆమె ఒక వస్తువు గురించి ఇష్టంగా అడగడం అదే మొదలు. నాన్న "కాదమ్మా, నీలాం అంటే" అని విప్పబోయేసరికి అమ్మ చేతిలో ఉన్న గరిటెతో ఆయన మోచేతి మీద చిన్నగా కొట్టింది. వేడి గరిటె కావడంతో ఆయన నోరు అక్కడే మూతపడింది. అవునత్తా, నీలం రంగుదే అంది అమ్మ. అబద్ధం రాదని చెప్పాను కదా, ఆ రోజు వచ్చింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర మామ్మ తనంతట తానే కబురు మొదలెట్టింది. ఊరి పెద్ద భూస్వామిని మా వైపు బుగత అంటారు. చిన్నప్పుడు మామ్మ వాళ్లింట్లో వడ్లు దంచడానికి వెళ్లేదట. బుగత అరుగు మీద నీలం రంగు వేసిన కుర్చీ ఒకటి ఉండేదట. పెళ్లయ్యేదాకా రోజూ దాన్ని తుడిచింది. తుడవడమే, కూర్చోవడం లేదు. ఆయన లేనప్పుడు కూడా ఎవరూ కూర్చోరు, కుక్క కూడా దాని కిందే పడుకునేది. రంగేసిన కుర్చీ అంటే కొత్త కుర్చీయే కదా, పాతదానికి ఎవరు రంగేస్తారు అని మామ్మ లెక్క. బుగత కుర్చీలాంటిది నా కొడుకు నాకు తెస్తున్నాడని ఆమె సంబరం.

ఆదివారం కుర్చీ రిక్షా మీద వచ్చింది. కాఫీ పొడి రంగు. చేతుల మీద కప్పులు పెట్టిపెట్టి పడిన మరకలు. నాన్న దాన్ని మా ఇంటికి తేకుండా మాషీమా పెరట్లో దింపించాడు. మాషీమా కిటికీలకి రంగు వేయించుకోగా మిగిలిన నీలం డబ్బా ఒకటి ఆమె బొగ్గుల గదిలో ఉంది. అమ్మ సంగతంతా చెబితే మాషీమా నవ్వాపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

మధ్యాహ్నం మామ్మ కునుకు తీసే వేళలో మేం ముగ్గురం ఆ పని పెట్టుకున్నాం. అమ్మ గరుకు కాగితంతో రుద్దేది, మాషీమా కుంచె పట్టేది, నేను రంగు కలిపేదాన్ని. టర్పెంటైన్ వాసన నాకు ఎంత నచ్చిందంటే డబ్బాలో ముక్కు పెట్టేసేదాన్ని. మాషీమా ముఢీలో పచ్చిమిరపకాయ, ఆవనూనె కలిపి దొప్పలో పెట్టేది. ఆ మరమరాల్లో కూడా టర్పెంటైన్ వాసనే. మాషీమా పిల్లి తోక చివర నీలమైంది, అదెలా అయిందో ఎవరికీ తెలియదు.

రెండో పూత ఆరాలని కుర్చీని బోర్లించి పెట్టారు. అడుగున చెక్క పచ్చిగా, రంగు లేకుండా ఉంది. పెద్దవాళ్లు టీ తాగడానికి లోపలికి వెళ్లారు. నా కుడిచెయ్యి ఎలాగూ నీలంగానే ఉంది. ఆ చెక్క మీద చెయ్యి పరిచి గట్టిగా నొక్కాను. అయిదు వేళ్లూ, అరచెయ్యీ చక్కగా దిగాయి. అమ్మ వచ్చి చూసి నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. కుర్చీ అడుగు ఎవరు చూస్తారులే అని మాషీమా వెనకేసుకొచ్చింది కాబట్టి బతికిపోయాను.

కుర్చీ ఇంటికొచ్చింది. మామ్మ దాని చుట్టూ తిరిగింది. చేతులు తడిమింది, వాసన చూసింది. కొత్త వాసనే మరి. కొంగుతో ఒకసారి తుడిచింది, తుడవడం అలవాటు కదా. తరవాత నాన్న వైపు చూసింది, కూర్చోవచ్చా అని అడుగుతున్నట్టు. నాన్న ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

ఆమె పొట్టి మనిషి. కాళ్లు నేలకి అందలేదు. అమ్మ పరుగున పోయి పీట తెచ్చి కాళ్ల కింద పెట్టింది. మామ్మ వెనక్కి వాలి, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, "ఒసే కోడలా, కొంచెం టీ ఇయ్యి," అంది. బుగత మాటెలా ఉండేదో నాకు తెలియదు గాని అలాగే ఉండి ఉంటుంది. రేకు పెట్టె మళ్లీ మూలకి వెళ్లిపోయింది. సంక్రాంతి వచ్చింది, వెళ్లింది, ఊరి మాట ఎవరూ ఎత్తలేదు.

మోకాళ్ల వాపు తీశాక ఆమె బజారుకి కూడా రావడం మొదలెట్టింది. అక్కడే వచ్చింది చిక్కు. ఒకరోజు అమ్మా, మామ్మా, నేనూ జుగ్సలాయిలో బెల్లం కొనడానికి వెళ్లాం. గోదాముల సందులో ఒకడు డప్పు కొడుతూ "నీలాం, నీలాం" అని అరుస్తున్నాడు. మామ్మ ఠక్కున ఆగింది. నీలం సామాన్లు అమ్ముతున్నారు, చూద్దాం పదండి అని మమ్మల్ని లాక్కుపోయింది. అక్కడ చూస్తే నల్ల గొడుగులు, తుప్పు పట్టిన లాంతర్లు, గోధుమరంగు పెట్టెలు. ఎంత వెతికినా నీలం లేదు.

పక్కన కూరలమ్మే ఒక పర్సుడీహ్ తెలుగామె ఉంది. ఇందులో నీలంగా ఏదీ లేదేమిటని మామ్మ ఆమెనే అడిగింది. అమ్మ చెయ్యి నా చేతిలో బిగుసుకుంది.

"నీలమంటే రంగు కాదప్పా," అంది ఆమె వంకాయలు తూస్తూ. "ఏలంపాట. ఎవులో వాడేసినవి పాడుకుంతారు."

ఇంటికి వచ్చేదాకా రిక్షాలో మామ్మ బెల్లం ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది. అమ్మ మొహంలో నెత్తురు లేదు. ఇంతమందిమి కలిసి కట్టిన పని ఒక వంకాయల బేరంలో కూలిపోయింది. నా కళ్లకైతే అప్పుడే ఆ రేకు పెట్టె స్టేషన్లో కనబడుతోంది.

నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి మామ్మ కుర్చీ ఎదురుగా నిలబడి ఉంది. కూర్చోలేదు.

"ఇందులో కూకున్నోలు ఎవులు నాయినా?" అని అడిగింది.

తనకి తెలియదని నాన్న ఒప్పుకున్నాడు. ఏదో ఒక మంచి కథ అల్లవచ్చు, అల్లలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. అప్పుడు అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అత్తగారి ఎదుట అమ్మ అంత పొడుగు మాట మాట్లాడడం నేను అంతకు ముందు వినలేదు.

"అత్తా, ఈ ఇల్లు మాత్రం మనదేటి? మనకి ముందు ఎవులో ఉన్నారు, మన ఎనక ఎవులో వత్తారు. నువ్వు అంబలి కాసే పొయ్యి ఎవులు కట్టినారో నాకు తెల్దు. ఆ పొయ్యి మీద కూడు తింతన్నాం గదా. ఈ ఊర్లో మనకి ఏటి ముట్టుకున్నా ముందర ఇంకెవులో ముట్టుకున్నదే. అలగని నువ్వెల్లిపోతే నీ కొడుకు బతకడు."

మామ్మ వంగి కుర్చీ చెయ్యి పట్టుకుని ఒక పక్కకి ఒరిగించింది. రంగు కింద అసలు చెక్క ఎలాంటిదో చూడాలనుకుంది కాబోలు. కుర్చీ బోర్లాపడింది. అడుగున, పచ్చి చెక్క మీద, చిన్న నీలం చెయ్యి.

"ఇదెవులి సెయ్యి?" అంది మామ్మ.

ఇంక మొట్టికాయ తప్పదనుకుని నేను ముందుకొచ్చి నా చెయ్యి చాపాను. మామ్మ దాన్ని పట్టుకుని ఆ గుర్తు మీద ఆనించింది. సరిగ్గా కూర్చుంది. నా చెయ్యి మీద తన చెయ్యి పెట్టి అలాగే చాలాసేపు ఉంచింది. వడ్లు దంచి దంచి గట్టిపడిన అరచెయ్యి అది.

"మన గుంట సెయ్యే," అంది చివరికి. తరవాత మా ఎవరితోనూ కాకుండా, నేల చూస్తూ అంది: "ముసలోడు జొరంతో పోనాడు. మంచం ఏటి సేసింది, పాపం."

అప్పుడు ఏడ్చింది. తాత పోయినప్పుడు కూడా ఆమె ఏడవలేదని నాన్న తరవాత చెప్పాడు. ఏడ్చి, ముక్కు చీది, కుర్చీ నిలబెట్టమంది. నిలబెడితే ఎక్కి కూర్చుంది. పీట నేనే పెట్టాను. కాసేపయ్యాక ఆమెకి ఏదో తట్టి కిసుక్కున నవ్వింది.

"ఆ బుగత కుర్చీ కూడా ఏలంలో కొన్నదేనేమో. నాకేటి తెల్సు, అడుగు సూడనేదు గదా."

ఆ రోజు నుంచి మా ఇంట్లో నీలం అనే మాటకి అర్థం మారిపోయింది. ఇంకొకరి దగ్గర్నుంచి వచ్చిన వస్తువు ఏదైనా నీలమే. పసుపు నీళ్లతో కడిగి, అడుగున ఎక్కడో నా చేతి గుర్తు వేస్తే అది మాది అయిపోయినట్టు. దాన్ని మామ్మ నీలం చెయ్యడం అనేది. ఏ వస్తువు ఇంట్లోకి వచ్చినా ముందు నన్ను పిలిచి, "రాయే గుంటా, నీలం సేద్దాం," అనేది. మాషీమా డబ్బా అడుగంటితే నాన్న ఇంకోటి కొనిపెట్టాడు.

మంచం కూడా నీలమైంది. మామ్మ చాప చుట్టేసి దాని మీద పడుకుంది.

ఆ తరవాత మామ్మని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. జుగ్సలాయి సందుల్లో డప్పు మోగితే ఆమె ముందుండేది. హిందీలో మొదట నేర్చుకున్న మాటలు బేరానివే. దొరల టోపీలు తగిలించే కొయ్య స్టాండు ఒకటి తెచ్చింది, దానికి ఉల్లిపాయల గుత్తులూ నా బడి సంచీ వేలాడేవి. పువ్వుల బొమ్మలున్న పింగాణీ సూపు గిన్నె తెచ్చి అందులో ఆవకాయ పెట్టింది. మూడు వైపులా అద్దాలున్న సింగారపు బల్ల తెస్తానని పట్టుబట్టిన రోజున, తా దూర సందు లేదు, మెడకో డోలు అని అమ్మ నెత్తి కొట్టుకుంది. బల్ల వచ్చింది. పడుకుంటే కాళ్లు దాని కిందకి పోయేవి. కాని మా వీధి ఆడపిల్లలంతా పండగలకి మా ఇంట్లోనే జడలు వేసుకునేవారు. మా రెండు గదులంత అందమైన ఇల్లు ఆ వరసలో ఇంకోటి లేదని మాషీమా అందరికీ చెప్పేది. నిజమే చెప్పేది, నేను ఒప్పుకుంటాను.

మామ్మ ఆ కుర్చీలో ఇంకా చాలా ఏళ్లు కూర్చుంది. నా చెయ్యి పెద్దదైంది, అడుగున ఉన్న చెయ్యి మాత్రం అంతే ఉంది. నాకు పెళ్లయి వేరే ఊరు వెళ్లాక మామ్మ పోయింది, నిద్రలో, తన నీలం మంచం మీద. తరవాత నాన్న రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి, వెళ్లే అద్దె వాటాలో సగం సామాను పట్టదు. పెరట్లో పెట్టి అమ్మేశారు. నేను వచ్చేసరికి టోపీ స్టాండు, అద్దాల బల్ల, కుర్చీ అన్నీ వెళ్లిపోయాయి. ఎవరు పట్టుకెళ్లారో అమ్మకి గుర్తు లేదు. నాకు ఏడుపొచ్చింది, ఒక్క మాట నాతో చెప్పకూడదా అని కేకలేశాను. అమ్మ చల్లగా అంది, "నీలంలో వచ్చింది, నీలంలో పోనాది. ఎవులో ముసల్దాయి కూకుంతాదిలే."

ఆ వీధి ఇప్పుడు లేదు. బొగ్గు పొయ్యిల మబ్బు లేదు. మాషీమా ఇల్లున్న చోట రెండంతస్తుల క్వార్టర్లు కట్టారు. మా వారి ఉద్యోగం తిరిగి తిరిగి మమ్మల్ని మళ్లీ ఈ ఊరికే చేర్చింది, అప్పటి నుంచి కుర్చీలు తిరగేస్తూనే ఉన్నాను. ఇది మనవరాలికి చెప్పిన కథ. దానికి నోటితో చెప్పాను, ఇక్కడ రాశాను.

అది కళ్లు తుడుచుకుని లేచింది. తరవాత ఏం చేసిందనుకున్నారు? గోదాములో మిగిలిన కుర్చీలన్నీ తానే తిరగేసింది. కొట్టువాడు ఈసారి చూసీ చూడనట్టు ఊరుకోలేదు, వచ్చి సాయం పట్టాడు. దేని అడుగునా చెయ్యి లేదు. ఒకదాని కింద ఎవరో మేకుతో గీసిన పడవ బొమ్మ ఉంది, ఒకదాని కింద ఎండిపోయిన చూయింగ్ గమ్ ఉంది. ఆ పడవ కుర్చీకి వెడల్పాటి చేతులు, కాఫీ పొడి రంగు. మనవరాలు దాని దగ్గరే ఆగిపోయింది.

ఇది అది కాదే అన్నాను. కాకపోతే ఏమైంది అంది హిందీలో. కొట్టువాడికి డబ్బిచ్చేసి నా వైపు తిరిగి, "అమ్మమ్మా, ఇస్కో నీలం కర్ దో," అంది, దీన్ని నీలం చేసిపెట్టు అని.

కొట్టువాడు తెల్లబోయి చూశాడు. ఇప్పుడే కదా కొన్నారు, అప్పుడే నీలాం వేసేస్తారా అని అడిగాడు. మేమిద్దరం నవ్విన నవ్వుకి గోదాము కప్పు మీది పావురాలు లేచిపోయాయి. మామ్మ ఉంటే ఆ అబ్బాయికి వంకాయలామెని చూపించేది.

ఫ్లాటుకి తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, చిటికెడు పసుపు వేసిన నీళ్లు నేను చల్లాను. బొమ్మలేసుకునే రంగుల్లోంచి అది నీలం తీసింది. నీ ఇల్లు కదా, నీ చెయ్యే వెయ్యి అన్నాను. వినలేదు, నా అరచేతికి కుంచెతో రంగు పూయడం మొదలెట్టింది. చక్కిలిగింత పుట్టింది. ముడతల్లోకి రంగు సరిగ్గా పోవడం లేదు. అది చిన్నపిల్ల చెయ్యి అయి ఉండాలే, ఈ ముసలి చెయ్యి ఏం బాగుంటుందని గొణిగాను.

"వో బచ్చీ ఆప్ హీ తో హో," అంది. ఆ పిల్లవి నువ్వే కదా అని.

పడవ బొమ్మ పక్కన నా చెయ్యి నొక్కాను. దాని పక్కన అది తన చెయ్యి నొక్కింది. ఆ పడవ గీసినవాళ్లు ఎవరో, ఏ ఊళ్లో ఉన్నారో. మా కుర్చీ ఎవరింట్లో ఉందో, దాన్ని తిరగేసినవాళ్లు ఆ చిన్న చెయ్యి చూసి ఏమనుకున్నారో. ఇన్నేళ్లూ ఆ కుర్చీ పోయిందనే బాధపడ్డాను. అమ్మ చెప్పినట్టు ఎవరో ఒక ముసలావిడ అందులో కూర్చునే ఉంటుందని ఆ రోజే మొదటిసారి గట్టిగా నమ్మాను.

రంగు ఆరాక మనవరాలు కుర్చీని కిటికీ పక్కన నిలబెట్టి నన్ను కూర్చోబెట్టింది. వాళ్లమ్మకి ఫోనులో ఫోటో తీసి పంపింది. నేను వెనక్కి వాలి, చేతులు రెండూ కుర్చీ చేతుల మీద ఆనించాను. అప్పుడు చూసుకున్నాను, నా కాళ్లు నేలకి అందడం లేదు. నేను ఏమీ అడగలేదు. అది వంటింట్లోకి వెళ్లి చపాతీల పీట తెచ్చి నా పాదాల కింద పెట్టింది.